తట్టల లెక్క

మొదటి చుక్క కుట్టుమిషను మీద పడింది.
సగం కుట్టిన స్కూలు లంగా మీద
బూడిదరంగు మచ్చ, అర్ధరూపాయంత.
మిషను జరిపినాను.
చుక్క కూడా జరిగింది.

పొద్దున్నే నిచ్చెన వేసుకొని నేనే ఎక్కినాను.
మౌలాలివి ఎక్కే మోకాళ్లు కావు,
ఎర్రగుంట్ల బండల ఫ్యాక్టరీలో
పదహారేళ్లు నీళ్లలో నిలబడి పాలిష్ పట్టినవి.
మిద్దె పైన వేరే ఊరుంది.
చీమల పుట్ట, గరిక, పిల్లి అడుగులు,
నిరుడు శనక్కాయలు ఎండబెట్టిన చోట రెండు మొలకలు.
డిష్ బిగించను వచ్చిన పిల్లోడు
నాలుగు బోల్టులు దిగ్గొట్టి పోయినాడు కదా,
మూడే ఉన్నాయి.
నాలుగోది ఉండాల్సిన చోట చీపురుపుల్ల దూర్చినాను.
మొత్తం మింగేసింది.

చౌడప్పను పిలిపించినాం.
పేరూ చౌడప్పే, తోలేదీ చౌడే,
మా మామ కాలంలో ఎద్దులబండి, ఇప్పుడు ట్రాక్టరు.
ఒక ట్రిప్పు పరిస్తే ఈ ఏడు గడిచిపోతాదంటాడనుకున్నా.
ఆయప్ప నిచ్చెన ముట్టుకోలేదు.
లోపలికొచ్చి దూలం కింద నిలబడి తల వంచినాడు.
"నువ్వు కోడలుగా వచ్చిన కాడికి
ఈడ నేను తల వంచే పని లేదమ్మా.
ఏటేటా పోసినారు.
ఏ ఏడన్నా తీసినారా?"

తీయడమా?
మా అత్త మంచం పట్టి కూడా
రోహిణి దాటుతుంటే అడిగేది, చౌడేసినారా అని,
అన్నం తిన్నారా అన్నట్టు.
తీసినారా అని మాత్రం
ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ అడగలేదు.

నాలుగు రోజులు పట్టింది.
గడ్డపార వద్దన్నాడు చౌడప్ప, దూలం అదురుతుందంట.
పారతో గీరుతుంటే పొరలు పొరలుగా లేచింది,
బూడిద, పసుపు, మళ్లా బూడిద.
ఒక పొరలో గోలీ. ఒక పొరలో తుప్పు బ్లేడు.
ఒక పొరలో చిన్న పాదం, అయిదు వేళ్లూ,
పచ్చి ఆరకముందే ఎవరో పరిగెత్తినారు.
"ఎంతుంది?" కింద నుంచి మౌలాలి.
జానెడు కూడా లేదన్నా.
"నాదే అయ్యుంటాది. ఆ పొద్దు మా నాయన కొట్టినాడు."
పక్కకు తీసి పెడదామనుకున్నా.
పార తగిలి పొడి అయిపోయింది.
ఆ మాట అతనికి చెప్పలేదు.

మా చిన్నది రేష్మా బొగ్గుతో గోడ మీద గీతలు గీసింది,
తట్టకొక గీత.
ఆరు వందల పన్నెండు.
ఇంత నెత్తిన పెట్టుకొనే
ఈ దూలం మా పెళ్లి చూసింది, రెండు కాన్పులు చూసింది.

ఆ రాత్రి నడిజామున టప్పుమని ఒక చప్పుడు,
కొంచెం ఆగి ఇంకోటి, చిన్నది.
ఇల్లు కూలుతాందని లేచి కూర్చున్నాం.
కూలలేదు.
దూలం ఒళ్లు విరుచుకుంటాంది.

స్లాబ్ అంటే నాలుగు లక్షలన్నాడు మేస్త్రి.
రేకులు వేస్తే మేనెలలో మనుషులం వేగిపోతాం.
చివరికి మూలలిరిగిన నాపబండలు,
ఫ్యాక్టరీ వాళ్లు లారీ బాడుగకే ఇచ్చినారు.
దంతెల మీద పలచటివి, సందుల్లో సున్నం,
పైన నాలుగేళ్ల మందం చౌడు, అంతకు మించి ఒక చిప్ప కూడా లేదు.
మిగిలిన ముక్కలు పడమటి గోడకు అతికించినాం,
జల్లు కొట్టేది ఆ పక్కనే కదా.
ఒకటి నలుపు, ఒకటి బూడిద, ఒకటి పచ్చన,
దూదేకులోళ్ల ఇంటికి తగ్గట్టు
బొంత కప్పుకున్నట్టుంది గోడ.
డిష్షు ఇప్పుడు ప్రహరీ మీద.

ముప్పై రెండు దినాలైంది.
మొగులు వస్తాది, గండికోట దిక్కుకు పోతాది.
మిషను పాత చోటికే జరిపినాను.
దారం ఎక్కించుకుంటా నడుమ నడుమ పైకి చూస్తాను.
చుక్క పడకూడదని చేసిన పనంతా
చుక్క పడితేనే కదా తెలిసేది.

గోడకు సున్నం కొట్టేటప్పుడు
బొగ్గు గీతల చోటు వదిలేయమన్నా.